పాదరసం ఘనపదార్థమైన వారం

సోమవారం ఉదయం పదిన్నరకి, నోటీసు బోర్డు మీద, నాలుగు గుండుసూదుల మధ్య పాదరసం గట్టిపడింది.

ఉత్తర్వులో మూడే వాక్యాలు. "లెక్కల విభాగము వారి నివేదికననుసరించి పాదరసము ఎనుబదిరెండు డిగ్రీల వేడి వద్ద గాని కరగదని తేలినది. కావున నేటినుండి ఈ కార్యాలయమందు పాదరసమును ఘనపదార్థముగా పరిగణించవలెను. ఇందుకు భిన్నముగా కంటికి కనబడినచో సిబ్బంది పట్టించుకొనరాదు." కింద డైరెక్టరు గారి సంతకం. దానికి పక్కనే చిన్న అక్షరాల్లో, లెక్క కట్టినవారు ఫలానా అని చిట్టి పేరు.

అది కొలతల కార్యాలయం. ఆస్పత్రుల థర్మామీటర్లు, దుకాణాల తూకపురాళ్ళు, మీటరు బద్దలు అన్నీ అక్కడికి వచ్చి, తమలో ఎంత నిజముందో తేల్చుకుని, ముద్ర వేయించుకుని వెళతాయి. కింది అంతస్తులో చూసి తేల్చేవాళ్ళు కూర్చుంటారు. పై అంతస్తులో లెక్క కట్టి తేల్చేవాళ్ళు కూర్చుంటారు. ఒకప్పుడు ఈ రెండు అంతస్తులకీ బొత్తిగా పడేది కాదు. ఒక కిలో రాయి గురించి మెట్ల మీద చొక్కాలు పట్టుకున్నారు కూడా. అప్పుడు శాంతి కోసమని పదకొండో నిబంధన పెట్టారు. కంటికీ లెక్కకీ తేడా వస్తే లెక్కదే మాట, లెక్కను కొట్టెయ్యాలంటే ఇంకో లెక్కే రావాలి. ఇరవై ఏళ్ళుగా ఆ నిబంధన ఎవరికీ అడ్డు రాలేదు. ఎందుకు వస్తుంది? పై అంతస్తు వాళ్ళు ఇరవై ఏళ్ళూ నీళ్ళ గురించీ ఉప్పు గురించీ తప్ప మరో లెక్క కట్టిన పాపాన పోలేదు.

చిట్టి పై అంతస్తు మనిషి. కింద థర్మామీటర్ల గదిని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నది ఆమె బాబాయి. అమ్మా నాన్నా ఉద్యోగాల పేరుతో ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే చిట్టి బాబాయి దగ్గరే, పిన్ని చేతి ముద్దలు తిని పెరిగింది. ఆఫీసులో ఆయన్ని అందరూ పాదరసం గారు అంటారు. థర్మామీటరును కంటికి ఎదురుగా పట్టుకుని ఒకసారి చూస్తాడు. కాసేపు ఆగి రెండోసారి చూస్తాడు. మూడోసారి చూసి గానీ రిజిస్టరులో అంకె వెయ్యడు. ఏడాదికొకటి చొప్పున అలాంటి రిజిస్టర్లు ముప్ఫై ఒకటి గోడ బీరువాలో ఉన్నాయి. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. చిట్టి ఊసెత్తితే మాత్రం ఎదుటివాడు పారిపోయేదాకా ఆపడు.

ఆ ఉత్తర్వును కూడా ఆయన మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ ఆయనకి కనబడింది ఆ పేరొక్కటే.

"మా పిల్లే," అని పక్కవాడికి వేలు పెట్టి చూపించాడు. "పదకొండు రోజులు మెషీను ఆపకుండా తిప్పించింది. బోర్డుకెక్కింది చూశారా!"

ఆ కాగితం తన గది పుట్టి ముంచబోతోందని ఆయనకీ తట్టలేదు, పైన మెషీను ముందు కూర్చుని చంకలు గుద్దుకుంటున్న చిట్టికీ తట్టలేదు.

మధ్యాహ్నానికి స్టోర్‌కీపరు దిగాడు. ఉత్తర్వంటే ప్రాణం పెట్టే మనిషి. ద్రవాల రిజిస్టరులో పాదరసాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, ఘనాల రిజిస్టరులో ఎక్కించి, ఒక పట్టకారు, ఒక సుత్తి, ఆరు పళ్ళేలు మోసుకుని థర్మామీటర్ల గదిలోకి వచ్చాడు.

"సీసాలు ఇచ్చెయ్యండి. సీసాలు ద్రవాలకి. మీ దగ్గర ఎన్ని ముక్కలున్నాయి?"

"ముక్కలేమిటండీ?"

"పాదరసం ముక్కలు. ఘనాల్ని ముక్కల్లోనే రాసుకోవాలి."

బాబాయి సీసాను వెలుగుకి ఎత్తి అటూ ఇటూ వంచి చూశాడు. "ఒకటే ముక్కలా ఉందండీ," అన్నాడు నిజాయితీగా. స్టోర్‌కీపరుకి నమ్మకం కుదరలేదు. కళ్ళారా చూడాలన్నాడు, అలా అన్నందుకు మళ్ళీ నాలిక్కరుచుకున్నాడు. బాబాయి కిటికీలన్నీ తెరిచి, చేతులకి తొడుగులు వేసుకుని, సీసాను పళ్ళెంలోకి వంచాడు. ఒక ముక్క కాస్తా వంద ముక్కలై పళ్ళెమంతా పరుగులు పెట్టింది. ఇద్దరూ వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముప్ఫైనాలుగు దగ్గర రెండు ముక్కలు ఒకదాన్నొకటి చూసుకుని కలిసిపోయాయి. మళ్ళీ మొదటికి వచ్చారు. ఈసారి యాభై దాటగానే స్టోర్‌కీపరుకి తుమ్మొచ్చింది. సాయంత్రానికి అతను 'ముక్కలు: సుమారు' అని రాసుకుని, సుత్తి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు డైరెక్టరు గారికి ఇంకో సందేహం వచ్చింది. గట్టి పదార్థం గొట్టంలో పైకి పాకదు కదా. మరి థర్మామీటర్లలో పాదరసం పైకి పాకుతున్నట్టు పాదరసం గారికి రోజూ ఎలా కనబడుతోంది? ఇంకేముంది, దృష్టిదోషం. బాబాయిని కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించారు. డాక్టరు ఆయన చేత అట్ట మీది అక్షరాలన్నీ చదివించాడు. అన్నిటికన్నా చిన్న వరుస చదివించాడు. చివరికి, అట్ట అడుగున అచ్చేసినవాడి చిరునామా కూడా ఈయనే చదివేస్తుంటే, "ఈ వయసులో ఇలాంటి కళ్ళుండడం మా పొట్ట కొట్టడమే," అని నవ్వి సర్టిఫికెట్టు రాసిచ్చాడు. డైరెక్టరు గారు దాని మీద ఇలా రాశారు: "సదరు డాక్టరు కూడ కంటితో చూచియే చెప్పినట్లు తెలియుచున్నది. చెల్లదు."

బుధవారం మధ్యాహ్నం బాబాయి బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. ముప్ఫై ఒక్క సంవత్సరములుగా తాను నమోదు చేసిన ఉష్ణోగ్రతలన్నియు తన దృష్టిదోషము వలన కలిగిన భ్రమలని ఆయన ఒప్పుకుని, శుక్రవారం నాలుగు గంటలకి సంతకం పెట్టాలి. పెట్టిన వెంటనే ఆ రిజిస్టర్లు ముప్ఫై ఒకటీ కాగితం మిల్లుకి పోతాయి. గదిలో విరిగిన కుర్చీలు పెట్టుకుంటారు.

చిట్టికి ఆ సంగతి ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర తెలిసింది. బాబాయి మంచినీళ్ళు తాగినంత మామూలుగా చెప్పాడు.

"పెట్టేస్తాను. ఒక సంతకమే కదా."

"మతుండే మాట్లాడుతున్నారా?" అంది పిన్ని గరిటె పట్టుకునే. "ముప్ఫై ఒక్క ఏళ్ళు మీరు చూసిందంతా భ్రమా? దీనికి ఎనిమిదో ఏట నూట నాలుగు జ్వరం వస్తే, మూడు రోజులు సెలవు పెట్టి మంచం పక్కన కూర్చుని గంటగంటకీ థర్మామీటరు చూశారే. అదీ భ్రమేనా?"

బాబాయి కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"అప్పుడు జ్వరం లేదేమోనే."

"ఒళ్ళు కాలిపోయిందండీ బాబూ!"

"మన చేతికి అలా అనిపించి ఉంటుంది. చిట్టి లెక్క తప్పదు. నా కళ్ళదేముంది, ఎప్పటివో."

చిట్టి ముద్దను కంచంలోనే వదిలేసింది. ఆయన వేళాకోళం ఆడటం లేదు, ఆమెను కాపాడటానికి అబద్ధమూ ఆడటం లేదు. మనస్ఫూర్తిగా నమ్మేస్తున్నాడు. అంత ప్రేమ చూస్తే ఎవరికైనా ఆనందం కలగాలి. చిట్టికి మాత్రం భయం వేసింది, దాని వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. తాను కట్టిన లెక్కలో ఏముందో తనకి తెలియదన్న సంగతి ఆ బల్ల దగ్గర ఆమె ఒక్కదానికే తెలుసు.

ఇక్కడ మూలఫైలు సంగతి చెప్పాలి. పై అంతస్తులో ఎవరూ సొంతంగా లెక్క మొదలుపెట్టరు. డైరెక్టరు గారు కుర్రతనంలో నీటి అణువు మీద లెక్క కట్టడానికి నలభై ఒక్క వరుసల ఫైలొకటి రాసుకున్నారు. ఏ పరమాణువులున్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి, దేన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి అని మెషీనుకి చెప్పే ఫైలు అది. అప్పట్నుంచి కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు దాని నకలు చేతిలో పెడతారు. పదార్థం పేరున్న చోట పేరు మార్చుకోవాలి, తక్కిన వరుసల జోలికి పోకూడదు. తొమ్మిదో వరుస ఖాళీగా ఉంటుంది. ఎందుకు ఖాళీగా ఉందో ఎవరికీ తెలియదు. ఒకాయన దాన్ని తీసేసి చూశాడు. లెక్క ఎప్పటిలాగే వచ్చింది గానీ, ఆయన్ని మాత్రం రిటైరయ్యేదాకా అందరూ అదోలా చూశారు. చిట్టి కూడా ఉప్పు తీసి పాదరసం అని పెట్టి మీట నొక్కింది. పదకొండు రోజులకి ఎనభైరెండు అని వచ్చింది. అంకె రావడమే గొప్పనుకుని సంతకం గీకేసింది.

గురువారం పొద్దున్నే ఆమె మూలఫైలు తెరిచి మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళలో ఆ పని చేసిన మనిషి ఆమే అయ్యుండాలి. ఇరవై ఏడో వరుస దగ్గర ఆమె ఆగిపోయింది. అక్కడ 'రిలేటివిటీ: వద్దు' అని ఉంది.

నీటికి వద్దంటే ఏ నష్టమూ లేదు. అవి తేలిక పరమాణువులు, వాటి ఎలక్ట్రాన్లు పెద్దగా తొందరపడవు. పాదరసం సంగతి వేరు. దాని కేంద్రకంలో ఎనభై ప్రోటాన్లు కూర్చుని లాగుతుంటే, లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో తిరుగుతాయి. రిలేటివిటీ, అంటే సాపేక్షత సిద్ధాంతం ప్రకారం అంత వేగంలో ఎలక్ట్రాను బరువెక్కుతుంది, బరువెక్కి లోపలికి ముడుచుకుంటుంది. ఆ ముడత బయటి వరుస దాకా పాకుతుంది. అక్కడున్న రెండు ఎలక్ట్రాన్లూ కేంద్రకానికి దగ్గరగా ఒదిగిపోయి, పక్క పరమాణువుతో పొత్తు పెట్టుకోవడానికి ఇష్టపడవు. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోని పరమాణువులు కాబట్టే పాదరసం మన గదుల్లో జారుతూ తిరుగుతోంది. రిలేటివిటీ వద్దని ఒక్క మాట రాస్తే చాలు, కాగితం మీద అది ఎనభైరెండు డిగ్రీల దాకా రాయిలా పడుంటుంది.

చిట్టి 'వద్దు' తీసి 'కావాలి' అని పెట్టి మీట నొక్కింది. మెషీను కాసేపు గుర్రుమని, పద్దెనిమిది రోజులు పడుతుందని చూపించింది. ఆమె ఆ ముక్క పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి పరుగెత్తింది.

ఆయన అంతా విన్నారు. ఆయన చెవులు నెమ్మదిగా ఎర్రబడ్డాయి.

"నా ఫైలులో తప్పా?"

"తప్పు కాదు సార్, నీళ్ళకి సరిపోతుంది. పాదరసానికి..."

"దానితో ఇరవై ఏళ్ళలో ఒక్క లెక్క తప్పలేదమ్మా."

"అన్నీ నీళ్ళూ ఉప్పే కదా సార్!"

"లెక్కను కొట్టెయ్యాలంటే లెక్క తెచ్చుకో. పదకొండో నిబంధన. ఉందా లెక్క?"

"పద్దెనిమిది రోజుల్లో వస్తుంది సార్."

"శుక్రవారమంటే రేపు," అన్నారాయన క్యాలెండరు వైపు చూస్తూ, అదేదో తాను కనిపెట్టినట్టు.

శుక్రవారం మూడున్నరకే విరిగిన కుర్చీలు వచ్చేశాయి. థర్మామీటర్ల గదిలో కాలు పెట్టే చోటు లేదు. మూడొందల నలభై థర్మామీటర్లు గోడల మీద వరసగా వేలాడుతూ, తమకి సంబంధం లేనట్టు ఇరవై ఏడు డిగ్రీలు చూపిస్తున్నాయి. డైరెక్టరు గారు కాళ్ళు సరిగ్గా ఉన్న కుర్చీ కోసం వెతుక్కుని, దొరక్క నిలబడ్డారు. స్టోర్‌కీపరు నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని రిజిస్టర్లను తాడుతో కడుతున్నాడు. బాబాయి కలం మూత తీశాడు. అప్పుడు చిట్టి కుర్చీలు దాటుకుంటూ లోపలికి వచ్చింది.

"సార్, ఆ నివేదిక మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. రాసి తెచ్చాను."

"కారణం?"

"చదవకుండా పెట్టాను."

"అందరూ చదవకుండానే పెడతారు," అన్నారు డైరెక్టరు గారు. "అదొక కారణమా?"

బాబాయి కంగారుపడ్డాడు. "సార్, చిన్నపిల్ల. నా మీద జాలితో అంటోంది. ఆ కాగితం ఇలా ఇవ్వండి, నేను పెట్టేస్తాను. గొడవ వదిలిపోతుంది." కాగితం ఒక అంచు ఆయన పట్టుకున్నాడు. రెండో అంచు చిట్టి పట్టుకుంది. తప్పు నాదంటే నాదని ఇద్దరూ కాసేపు కుర్చీల మధ్య అటూ ఇటూ లాక్కున్నారు. స్టోర్‌కీపరు తాడు ముడి వెయ్యడం మానేసి గుడ్లప్పగించి చూశాడు.

"బాబాయ్, విను!" అంది చిట్టి. "జాలీ లేదు ఏమీ లేదు. ఆ ఫైలులో ఒక్క వరుస కూడా నేను చదవలేదు. పేరు మార్చి మీట నొక్కానంతే. పదకొండు రోజులూ పక్క గదిలో కబుర్లు చెప్పుకున్నాను. అంకె వచ్చింది. దాన్ని కూడా ఒక్కసారే చూశాను."

బాబాయి చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కసారే?"

"ఒక్కసారే."

"ఒక్కసారి చూసి, చదవకుండా, సంతకం పెట్టావా?"

చిట్టి తలొంచుకుంది. ఇన్నేళ్ళలో ఆయన ఆమె మీద గొంతెత్తిన రోజు లేదు. పగలగొట్టిన సామాన్లు, తప్పిన పరీక్షలు, ఏదైనా సరే, పోనీలే అనేవాడు. ఆ రోజు ఆయన ముఖం మీదికి రంగు ఎక్కింది.

"లెక్క తప్పితే తప్పనీ! తప్పనివాడెవడు? నేను సర్దుకుందామనే వచ్చాను. చదవకుండా పెడతావా? ఊరందరి జ్వరాలూ మన సంతకం మీద ఆధారపడి ఉన్నాయే! నీ పేరు కనబడిందని నేను నా కళ్ళు పీకి వీళ్ళ చేతిలో పెడుతున్నాను, నువ్వు చదవనన్నా చదవలేదా?"

బాబాయి కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తాడు విప్పి రిజిస్టర్లను ఒక్కొక్కటే బీరువాలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

"నేను పెట్టను సార్. నా గదిలో పాదరసం కరిగే ఉంది. చూశాను. ఒకసారి కాదు."

"పదకొండో నిబంధన..." అన్నారు డైరెక్టరు గారు.

స్టోర్‌కీపరు పుస్తకం తెరిచాడు. అతనికి ఎవరి మీదా ప్రేమా లేదు, పగా లేదు. నిబంధన మీదే ఉంది. "సంతకం లేని లెక్క లెక్క కాదండీ. లెక్కే లేనప్పుడు కంటితో తేడా ఎక్కడిది? ఉత్తర్వు దానంతటదే పోతుంది. అయితే పన్నెండో నిబంధన కింద, సంతకం వెనక్కి తీసుకున్నవాళ్ళని కొత్త లెక్క వచ్చేదాకా కింది అంతస్తుకి పంపించాలి." ఆగి తల గోక్కున్నాడు. "పాదరసాన్ని మాత్రం ఏ రిజిస్టరులో రాయాలో అర్థం కావట్లేదు. ఘనమనడానికి లేదు, ద్రవమనడానికి ఇంకా లెక్క లేదు."

అలా ఆ పద్దెనిమిది రోజులూ ఆ కార్యాలయంలో పాదరసం ఏమీ కాకుండా ఉండిపోయింది. సీసాలను స్టోర్సుకీ గదికీ మధ్య గుమ్మంలో పెట్టారు. అందరూ వాటిని దాటుకుంటూ తిరిగారు. కుర్చీలు వెళ్ళిపోయాయి. చిట్టి బాబాయి గదిలో చిన్న బల్ల ముందు కూర్చుంది. ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. థర్మామీటరు చేతికిచ్చేవాడు. ఆమె అంకె చెప్పేది. "మళ్ళీ చూడు," అనేవాడు. మళ్ళీ చెప్పేది. "మళ్ళీ." రోజంతటికీ ఇంతే మాటలు. ఇంటికి వెళ్ళినా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. పిన్ని మధ్యలో పడి ఇద్దరినీ చెడామడా తిట్టినా లాభం లేకపోయింది. తిట్టకుండా ఊరుకునే ఆ మనిషి పక్కన కూర్చోవడం చిట్టికి నరకంగా ఉండేది. గుమ్మం అవతలికి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేది.

పద్దెనిమిదో రోజు స్టోర్‌కీపరు పై నుంచి కాగితం పట్టుకుని దిగాడు.

"వచ్చేసిందండీ. ద్రవమేనట! ఇక్కడ సంతకం పెట్టెయ్యండి, ఆ సీసాలు గుమ్మంలోంచి తీసుకుపోతాను. నిన్న తట్టుకుని పడబోయాను."

చిట్టి కాగితం తీసుకుంది. అన్ని వరుసలూ చదివింది. చివరి అంకె మూడుసార్లు చూసింది. కలం తియ్యలేదు. లేచి బాబాయి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, పాదరసం గడ్డకట్టడం నువ్వు చూశావు కదా?"

ఆయన తలెత్తకుండా జవాబు చెప్పాడు. "డ్రై ఐస్‌లో పెట్టి చూశాను. మైనస్ ముప్ఫైతొమ్మిది."

"లెక్క మైనస్ ఇరవైమూడు అంటోంది. రిలేటివిటీ కలిపాను, వరుస వరుసా చదివాను, అయినా పదహారు డిగ్రీలు తేడా." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంత చదివినా తప్పే వచ్చింది. దీని మీద సంతకం ఎలా పెట్టను?"

బాబాయి ఆమె ముఖం వంక చూశాడు. కాసేపు ఆగి మళ్ళీ చూశాడు. బల్ల సొరుగు బయటికి లాగాడు. దాని నిండా చీటీలున్నాయి, గోడ మీది ఒక్కో థర్మామీటరుకీ ఒకటి చొప్పున, అన్నీ ఆయన చేతిరాతే. ఆమె ఒకటి తీసి చదివింది. 'ఇది పాయింట్ రెండు ఎక్కువ చూపును.' ఇంకొకటి తీసింది. 'ఇది పాయింట్ ఒకటి తక్కువ చూపును.' తప్పు లేని థర్మామీటరు ఒక్కటైనా ఉంటుందేమోనని ఆమె సొరుగు అడుగుదాకా వెతికింది. లేదు. ప్రతి చీటీ కింద ఆయన సంతకం ఉంది.

"ఎంత తప్పో కింద రాసి, అప్పుడు పెట్టవే చిట్టీ," అన్నాడు బాబాయి.